పెళ్లికూతురికి పది

పదకొండేళ్ల పాటు నా దగ్గర ఒక లెక్క ఉండేది. పెళ్లికూతురికి పది, పెళ్లికొడుక్కి ఆరు, అత్తగారికి నాలుగు, మిగతా చుట్టాలకు ఏమీ అక్కర్లేదు. పెళ్లి ఆల్బమ్‌లో ఎవరి ముఖాన్ని ఎంత తెల్లబరచాలో చెప్పే లెక్క అది. ఎవరూ నేర్పలేదు. ఏ ఆల్బమ్ తిరిగొచ్చిందో, ఏది రాలేదో నోటు పుస్తకంలో రాసుకుని నేనే తేల్చుకున్నాను. పది దాటితే పెళ్లికూతురు సున్నం వేసిన గోడలా ఉంటుంది. ఎనిమిదికి తగ్గితే వాళ్లమ్మ ఫోన్ చేస్తుంది. పది దగ్గర అందరూ ఊరుకుంటారు. చివరికి కంప్యూటర్‌లో దానికోసం ఒక మీట కూడా కేటాయించాను. నొక్కితే చాలు, ఎంత చామనఛాయ పిల్లయినా పది మెట్లు తెల్లబడేది.

ఇప్పుడు ఆ లెక్క నా దగ్గర లేదు. అది ఎలా పోయిందో రాస్తున్నాను.

మాది కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వీధి. నలుగురు ఫొటోగ్రాఫర్లు తీసిన పెళ్లి ఫొటోలను ఇంట్లోనే కూర్చుని సరిచేసి, ఆల్బమ్ పేజీలుగా పేర్చి ల్యాబ్‌కి పంపడం నా పని. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఆగలేదు. అవి మా నాన్న వల్ల వచ్చాయి. ఆయన గోదావరి వైపు నుంచి పోర్టులో పనికోసం వచ్చి, లారీలను తూచే కాటా దగ్గర గుమాస్తాగా కుదిరాడు. రోజూ పొద్దున్నే మొదటి లారీ ఎక్కకముందు, బరువు ముందే తెలిసిన ఇనప రాళ్లు కాటా మీద పెట్టించి, ముల్లు ఎంత చూపిస్తోందో రాసుకునేవాడు. చిన్నప్పుడు ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి, రోజూ అదే రాయి, అదే బరువు కదా, ఎందుకు రాయడం అని అడిగాను. "కాటాని నమ్మకమ్మా, రాయిని నమ్ము" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. అర్థమైందనుకున్నాక కూడా సరిగ్గా అర్థం కాలేదని ఈ మధ్యే తెలిసింది.

మొన్న వేసవిలో, సముద్రంలో వేట ఆపే రోజుల్లో, తీరం వైపు పేటలో ఒక పెళ్లి జరిగింది. మరబోట్లన్నీ ఒడ్డుకు చేరి మగవాళ్లు ఇళ్ల దగ్గరుంటారు కాబట్టి వాళ్ల పెళ్లిళ్లు చాలావరకు అప్పుడే. ఫొటోలు నా దగ్గరికి వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం, పెళ్లికూతురే తల్లిని వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. అలా ఎవరూ రారు. ఆల్బమ్ చేసేది ఎవరో కూడా జనానికి తెలియదు. ఫొటోగ్రాఫర్ని అడిగి అడ్రసు కనుక్కుని వచ్చారట. తల్లి చేపల బుట్ట బయట పెట్టి, కాళ్లు కడుక్కుని మరీ లోపలికి వచ్చింది.

"ఆల్బమ్ సేత్తన్నది నువ్వేనా అమ్మా?" అంది తల్లి. కూతుర్ని చూపించి, "అయితే సూడు, మా గుంట కాత్త సామనసాయ. నువ్వు కాత్త సూసుకుని…"

"సామనసాయేటి? నలుపు. నలుపని సెప్పు" అంది కూతురు. నా వైపు తిరిగింది. "అక్కా, నా రంగు ముట్టుకోకు."

"నోరు ముయ్యే. ఒక్క రవ్వ. ఒక్క రవ్వ తేలిత్తే ఏటి పోద్ది?"

"ఏటి పోద్దా? మొదటి సమందం పోనేదా?"

ఆ పిల్లే చెప్పింది. రెండేళ్ల కిందట సంబంధాల కోసం ఒక స్టూడియోలో ఫొటో తీయించారు. స్టూడియోవాడు అడగకుండానే తెల్లగా చేసి ఇచ్చాడు. తల్లి మురిసిపోయి దాన్నే పంపింది. ఇంకో తీరపు ఊరి నుంచి ఒక కుటుంబం చూడటానికి వచ్చి, కూర్చుని, ఫలహారం తిని, పిల్ల వచ్చాక ఫొటో బయటికి తీసి, "ఈ ఫొటోలో ఉన్న గుంట ఏదీ?" అని అడిగారు. మోసం చేశారని ఊరంతా చెప్పుకున్నారు. తర్వాత చేసుకున్న అబ్బాయి ఫొటో చూసి రాలేదు. జెట్టీలో చేపల వేలంపాట దగ్గర ఈ పిల్లని చూసి, ఇంటికి మనిషిని పంపాడు. అయితే అతనిదీ ఆ మొదటివాళ్లదీ ఒకే ఊరు. ఇళ్ల మధ్య నాలుగు గుమ్మాలు.

"ఆసాడం అయిపోతే నాను అత్తోరింటికి ఎల్తాను. ఆల్బమ్ నాతో వత్తాది. ఆళ్లూ వత్తారు సూడ్డానికి, రాకుండా ఉంటారేటి? అప్పుడు మల్లీ ఫొటోలో ఒక గుంట, ఇంట్లో ఒక గుంట ఉంటే నాను ఏ మొగం ఎట్టుకుని తిరగాలక్కా?"

"నలుపు నారాయుడు మెచ్చునంటారు, ఆళ్లకేటి తెల్దు" అని తల్లి గొణిగింది.

"మరి ఫొటో తీయించినప్పుడు నారాయుడు ఎటెల్లిపోనాడే?"

నాకు నవ్వు వచ్చింది. తర్వాత రాలేదు. ఆ స్టూడియో ఫొటో నేను చేసింది కాదు. కానీ నా దగ్గరికి వచ్చి ఉంటే పది కొట్టేదాన్నే, అడగకుండానే. ఆ పిల్ల ముందుకు చాచిన చేతిని పట్టుకుని, "నీ రంగు నీకే ఉంటుంది. ఇంత కూడా అటూ ఇటూ పోదు" అని మాట ఇచ్చాను. ఎవరికైనా అంత గట్టిగా మాట ఇవ్వడం నాకు అలవాటు లేదు.

వాళ్లు వెళ్లాక కూర్చుని ఆలోచిస్తే, ఆ మాట నిలబెట్టుకోవడం నా చేతిలో లేదని తెలిసింది. పది కలిపే మనిషికి కంప్యూటర్ తెర ఎలా ఉంటేనేం? తప్పు మీద పది పోస్తే తప్పు కనపడదు. అసలు రంగు చూపించాలంటే ముందు నా తెరకు అసలు రంగు తెలియాలి. నా చేతినే ఫొటో తీసి కంప్యూటర్‌లో తెరిచి, పక్కనే చెయ్యి పెట్టి చూశాను. తెర మీద ఉన్నది ఇంకెవరి చెయ్యో. ఆరేళ్ల పాత మానిటర్. కిటికీ ఎండ తగిలేది. ఎదురు గోడ చిలకపచ్చ. ఆ పచ్చదనమంతా తెర మీద పడేది. నేను ఇన్నేళ్లూ రాళ్లు పెట్టని కాటా మీద లారీలు తూచాను.

సరే అని మొదలుపెట్టాను. ముందు గోడకు బూడిదరంగు వేయించాను. పక్కింటామె కిటికీలోంచి చూసి, "ఏటి వదినా, గోడకి బూడిద రాయించినావు? ఎవులైనా పోయేరేటి?" అంది. "నా పాత కళ్లు పోయాయి" అన్నాను. కిటికీకి మందపాటి పరదా కట్టాను. ఫొటోలు సరిచేసేవాళ్ల కోసం తయారుచేసే కొత్త మానిటర్ కొన్నాను. ఫొటోలు మానేసి వేరే పనిలోకి వెళ్లిన ఒకాయన దగ్గర రంగులు కొలిచే సెన్సర్ కొన్నాను. అరచేతిలో ఇమిడే నల్లటి బిళ్ల, దానికో వైరు. తెర నడుమ ఆనించి పెడితే, కంప్యూటర్ ఒకదాని తర్వాత ఒకటి రంగులు చూపిస్తుంది, బిళ్ల వాటిని కొలుస్తుంది. తెర ఎంత వెలగాలి, తెలుపు ఎంత తెల్లగా ఉండాలి, నలుపు నుంచి తెలుపుకి మెట్లు ఎంత సమానంగా ఉండాలి, ఈ మూడూ లెక్కకు సరిపోకపోతే అదే సరిచేస్తుంది. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. మా నాన్న రాళ్లు పెట్టించడం అన్నమాట.

కొత్త మానిటర్ ఇంటికి వచ్చిన రోజు శుక్రవారం. కొత్త వస్తువు ఏది వచ్చినా పసుపు కుంకుమ పెట్టందే వాడం. ఫ్రిజ్‌కి పెట్టాం, మా ఆయన బండికి పెట్టాం, పాత మానిటర్‌కి పైనున్న వెడల్పాటి చట్రం మీద పెట్టాం. ఈ కొత్తదానికి చట్రమే లేదు. అంచు నుంచి అంచు దాకా తెరే.

"ఎక్కడెడతావేటి ఇప్పుడు?" అని మా ఆయన నవ్వాడు. ఈయన పుట్టి పెరిగింది ఇక్కడే.

"మనిషికి నుదుటి మీద పెట్టమా? దీనికి ముఖం మధ్యన" అన్నాను.

తడి పసుపు, పైన కుంకుమ. కొబ్బరికాయ కొట్టాం. మర్నాడు తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను. సెన్సర్ తగిలించి, అరగంట సేపు తెరను వేడెక్కనిచ్చి, తలుపులు మూసి, కొలత నడిపించాను. తెలుపు ఆరువేల అయిదొందలు ఉండాలి. ఉంది. వెలుగు నూరు ఉండాలి. ఉంది. నోటు పుస్తకంలో తేదీ వేసి, అంకెలు రాసి, కింద గీత గీశాను. ఆ గీత గీసినప్పుడు ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పన్నెండు రోజులు పనిచేశాను. మీట జోలికి పోలేదు. ఫొటోలన్నీ కొంచెం నీలంగా కనిపించాయి. షామియానా గుడ్డ నీడేమో, కెమెరా తప్పేమో అనుకున్నాను. కొలిచిన తెర కదా, అది తప్పు చెప్పదు కదా. ప్రతి ఫొటోలోనూ నీలం తగ్గించి, కాస్త కాస్త పసుపు కలిపాను. ఆ పిల్ల ముఖం తెర మీద చక్కగా, నిండుగా, ఆరోజు గుమ్మంలో చూసినట్టే వచ్చింది. ఫైళ్లు గాజువాక ల్యాబ్‌కి పంపాను.

రెండో రోజు ల్యాబ్ యజమాని ఫోన్ చేశాడు. ఈయన నన్ను "నంబర్ల మేడమ్" అంటాడు. మెచ్చుకుని కాదు.

"మేడమ్, ఓపాలి ఇలాగ రండి. సూడాల్సిందే ఇది."

సిటీ బస్సెక్కి వెళ్లాను. ఇంకా కుట్టని పేజీలు బల్ల మీద పరిచి ఉంచాడు. పెళ్లికూతురు పచ్చగా ఉంది. చామనఛాయ కాదు, నలుపు కాదు. పసుపు. పెళ్లికొడుకు పసుపు, పందిరి పసుపు, తెల్ల పంచెలు పాత కాగితాల్లా ఉన్నాయి.

"పచ్చకామెర్లొచ్చిన పెళ్లికూతుర్ని ఎప్పుడైనా సూసేరేటి మేడమ్?" అన్నాడు ఆయన. ఆపరేటర్ అటు తిరిగి నవ్వాడు.

"మీ మెషిన్ తప్పు. నా తెర కొలిచి పెట్టింది. అంకెలు రాసుకున్నాను" అని పుస్తకం తీశాను.

"నంబర్లు బుక్కులో బాగుంటాయి మేడమ్. పొద్దుట్నించి నాను పద్నాలుగు ఆల్బమ్‌లు కొట్టినాను, ఏ గుంటకీ కామెర్లు రానేదు. మీ కంప్యూటర్ సూసుకోండి." గొంతు తగ్గించి, మంచి చెబుతున్నట్టు అన్నాడు. "నాకొగ్గీండి. ఆటో కరెక్షన్ పెట్టీసి, పైన ఫెయిర్ కొట్టీత్తాను. తెల్లగా తేలిపోద్ది. పసుపూ కనబడదు, నలుపూ కనబడదు. కస్టమర్ దండం ఎట్టి అట్టుకెళ్తాది."

"నలుపు కనబడాలి."

"ఏటీ?"

"నలుపు కనబడాలండి. దానికోసమే ఇదంతా."

ఆయన ఆపరేటర్ వైపు చూశాడు. ఆపరేటర్ మెషిన్ వైపు చూశాడు. వాళ్ల షాపులో ఆ మాట ఇంతకుముందు ఎవరూ అని ఉండరు.

అక్కడ అరిచి లాభం లేదు. ఎవరి కాటా తప్పో తేలాలంటే రాయి కావాలి. వాళ్ల కంప్యూటర్ దగ్గరే కూర్చుని ఒక పట్టీ తయారుచేశాను. నలుపు నుంచి తెలుపు దాకా ఇరవై ఒక్క బూడిదరంగు గళ్లు. ఒక్కోదానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకే అంకె. అంకెలు చేత్తో కొట్టాను, కంటితో చూసి కాదు. మూడూ సమానమైతే అది బూడిదే అయి తీరాలి. ఏ తెర ఎలా చూపించినా, ఎవరి కన్ను ఎలా చూసినా దానికి సంబంధం లేదు. మెషిన్ దాన్ని పచ్చగా అచ్చువేస్తే తప్పు మెషిన్‌ది. బూడిదగా వేస్తే తప్పు మా ఇంట్లో ఉంది.

"ఆటో తీసేసి వెయ్యండి" అన్నాను. అది ఉంటే మెషిన్ తన ఇష్టానికి రంగులు సరిచేసేస్తుంది.

వేశాడు. ఆ కాగితం పట్టుకుని రోడ్డు మీద నీడలోకి వెళ్లాను. నా సంచిలో ఫొటోగ్రాఫర్లు వాడే బూడిదరంగు అట్ట ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పక్కన పెట్టి చూశాను. బూడిద. పై నుంచి కింద దాకా ఇరవై ఒక్క గళ్లలో ఎక్కడా పసుపు లేదు. షేర్ ఆటోవాళ్లు హారన్ కొడుతున్నా కదలకుండా రెండుసార్లు చూశాను.

ఆయన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏటంటారు మేడమ్?"

"మీ కాటా సరిగ్గానే ఉంది" అన్నాను. అంత కష్టమైన మాట చాలా రోజులుగా అనలేదు.

తిరుగు బస్సులో ఫోన్ మోగింది. ఆ పిల్ల.

"అయిందా అక్కా? తొమ్మిది రోజులే ఉన్నాది ఆసాడం."

"అవుతుంది."

"ఎలాగున్నాను?"

"వచ్చాక చూద్దువుగాని" అని పెట్టేశాను. అబద్ధం చెప్పలేదు, అంతే.

ఇంటికి వచ్చి చీర కూడా మార్చుకోకుండా తెర ముందు కూర్చున్నాను. ఇదివరకు మధ్యలో ఒక్కచోటే కొలిచాను. మా నాన్న అలా చేసేవాడు కాదు. పెద్ద కాటాకి నాలుగు మూలలా రాయి పెట్టించేవాడు. ఒక మూల కుంగితే ముందు చక్రాలకు ఒక బరువు, వెనక చక్రాలకు ఒక బరువు చూపిస్తుందని ఎన్నోసార్లు చెప్పాడు. తెరను అడ్డంగా మూడు, నిలువుగా మూడు, తొమ్మిది గళ్లుగా లెక్కవేసి, మొత్తం తెలుపు పెట్టి, బిళ్లను ఒక్కో గడిలో ఆనించి తెలుపు కొలిచాను. అంకె పెరిగితే తెలుపు నీలం వైపు పోతున్నట్టు. ఏడువేల రెండొందలు. ఏడువేల నూటయాభై. ఏడువేల రెండొందల యాభై. వరసగా ఎనిమిది గళ్లూ ఏడువేలు దాటే ఉన్నాయి. మధ్య గడి ఒక్కటే ఆరువేల అయిదొందలు, గీత మీద నిలిచిన ముల్లులా.

తొమ్మిదింటిలో సరిగ్గా ఉన్నది ఒక్కటే. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. ఎనిమిది తప్పయి ఒకటి ఒప్పయితే, తప్పు ఆ ఒకటిలో ఉంది.

తెర ఆపేశాను. నల్లటి తెర మీద టార్చి అడ్డంగా వేసి చూశాను. సరిగ్గా నడుమ, రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దగా, పల్చగా, పొరలాంటిది. తెల్ల రుమాలు తడిపి, వేలికి చుట్టి, మెల్లగా రుద్దాను. రుమాలు మీద లేత పసుపు మరక.

బొట్టు. నేను పెట్టిన బొట్టే. పైపైన తుడిచాను గానీ పసుపు పోలేదు. తెర వెలుగుతుంటే కంటికి కనపడలేదు. సెన్సర్‌కి కనపడింది. సరిగ్గా దాని మీదే కూర్చుని, తెర పచ్చగా ఉందనుకుని, దాన్ని సరిచేయడానికి తెర మొత్తాన్ని నీలం వైపు జరిపింది. ఆ నీలం చూసి నేను పన్నెండు రోజులు ఫొటోలకు పసుపు పూశాను. పెళ్లి తర్వాత ఆ పిల్లకి మళ్లీ నలుగు పెట్టానన్నమాట.

మా ఆయన వెనక నిలబడి రుమాలు చూశాడు. "మొగం మజ్జినెట్టింది ఎవులేటి?"

"నేనే."

"మరి ల్యాబోడి మీద కేకలేసొచ్చింది?"

"నేనే అండి. ఇంకోసారి అడగండి, ఇంకోసారి చెబుతాను."

ఆయన నవ్వలేదు. టీ పెట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. తెరకు దూరంగా.

ల్యాబ్ ఆయనకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. నవ్వాడు. ఎంత నవ్వాడంటే వెనక ఆపరేటర్‌కి కూడా చెప్పి, ఇద్దరూ కలిసి మళ్లీ నవ్వారు. ఆరోజు నుంచి నేను అక్కడ "పసుపు మేడమ్"ని. నవ్వడం అయ్యాక, "పోనీండి మేడమ్. ఆ ఫైళ్లే ఉంచీండి, ఫెయిర్ కొట్టీసి సరిసేసీత్తాను. మీకూ శ్రమ తప్పుద్ది" అన్నాడు.

"తప్పు నాది. అందుకని రంగు మీది అవదు" అన్నాను. "మొదటి నుంచి మళ్లీ చేస్తాను. నేను స్వయంగా తెస్తాను. మెషిన్ దగ్గర నేనే నిలబడతాను."

తప్పు ఒప్పుకోవడం నాకు కష్టం కాదు. అంకె తప్పితే కొట్టేసి పక్కన సరైంది వేస్తాం, అంతే కదా. కానీ ఒకసారి తప్పు పట్టుబడగానే, "అయితే ఇక నీ లెక్కలన్నీ మానేసి మా దారిలోకి రా" అనేవాళ్లు ఉంటారే, వాళ్లకి తల వంచడం నాకు చేతకాదు. కాటాలో ఒక మూల కుంగిందని మా నాన్న చూపుతో లారీలు తూచలేదు. ఆ మూల ఎత్తించి, మళ్లీ రాయి పెట్టించాడు.

తెర అంతా రెండుసార్లు తుడిచి, మళ్లీ కొలత నడిపించాను. తొమ్మిది గళ్లూ కొలిచాను. ఇప్పుడు ఏ గడికీ ఏ గడికీ వంద కంటే తేడా లేదు. పసుపు కలిపిన ఫైళ్ల జోలికి పోకుండా, కెమెరా నుంచి వచ్చిన అసలు ఫొటోల నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఫొటోలు నీలంగా లేవు. షామియానాకూ కెమెరాకూ ఏ పాపమూ తెలియదు. ముఖాల దగ్గర నా చెయ్యి అలవాటుగా ఆ మీట వైపు వెళ్లేది. మూడో రోజు విసుగొచ్చి, ఆ మీటకున్న లెక్కను కంప్యూటర్‌లోంచి తీసేశాను. నిజంగానే తీసేయాలా అని అడిగింది. అవునన్నాను.

అయిదో రోజు పెన్‌డ్రైవ్ పట్టుకుని గాజువాక వెళ్లాను. ఆపరేటర్ ఫైలు తెరిచాడు. నేను వెనకే నిలబడ్డాను. అతని వేలు దానంతటదే ఆటో గడి మీద టిక్ పెట్టింది.

"తియ్యండి" అన్నాను.

తీశాడు. తర్వాతి పేజీకి మళ్లీ పెట్టాడు.

"తియ్యండి."

"అలవాటు మేడమ్" అన్నాడు.

"నాకూ ఉండేది."

లోపలి నుంచి యజమాని అరిచాడు. "తీసీరా బాబూ, తీసీ. నేపోతే ఇక్కడే మంచం ఏసీసుకుంటాది." కాసేపాగి ఆయనే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మొదటి పేజీ మెషిన్‌లోంచి బయటికి వచ్చింది. పందిట్లో కూర్చున్న పిల్ల, నుదుటి మీద బాసికం, చేతిలో కొబ్బరిబోండం. పంచెలు తెల్లగా ఉన్నాయి. పసుపుతాడు పసుపుగా ఉంది. పిల్ల నల్లగా ఉంది. ఆయన కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు.

"నల్లగా ఉన్నాది గాని మేడమ్…" అని ఆగాడు.

"గాని?"

"ఏటీ నేదు. నిగనిగలాడతన్నాది" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆషాఢం ఇంకా మూడు రోజులుందనగా తల్లీకూతుళ్లు వచ్చారు. తెర గదిలో కాదు, పగటి వెలుతురు ఉన్న వీధి గుమ్మం దగ్గర చాప వేసి ఆల్బమ్ విప్పాను. ఆ పిల్ల మొదటి పేజీ తెరిచింది. కుడిచెయ్యి తిప్పి, అరచేతి వెనక భాగాన్ని ఫొటోలో తన చెంప పక్కన ఆనించింది. సెన్సర్ చెప్పాల్సింది చెప్పింది. అయినా అసలు రాయి అదే. చెయ్యి ఎక్కడ అయిందో, చెంప ఎక్కడ మొదలైందో గాజుల వల్లే తెలుస్తోంది.

చెయ్యి తియ్యకుండానే నా వైపు చూసి తల ఊపింది.

తల్లి మాత్రం ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పింది. "ముక్కుపుడక కనబడతన్నాది" అంది. ఇంకో పేజీ. "ఈ మచ్చ సిన్నప్పుడు తెడ్డు తగిలి అయినాది. ఆ ఫొటోలో ఇది నేదు." ఆ పాత ఫొటో సంగతి ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. తర్వాత తను నిలబడి అక్షింతలు వేస్తున్న పేజీ దగ్గర ఆగిపోయింది.

"అమ్మా, ఇదేటి? నన్నిలాగ అట్టుకొచ్చినావు?"

"నువ్వలాగే ఉంటావే" అంది కూతురు.

"అది ముట్టుకోవద్దన్నాది, ముట్టుకోనేదు. బాగున్నాది. నాకేటి, నాకైనా కాత్త రంగు ఏసీవలిసింది కాదా తల్లీ?"

నాలుగు, అని నా నోటి చివరికి వచ్చింది. పెళ్లికొడుక్కి ఈమె అత్తగారే కదా, అత్తగారికి నాలుగు. మింగేశాను. "ఆ మీట లేదండీ ఇప్పుడు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. కానీ కూతురితో పాటు తనూ నవ్వింది. వెళ్తూ వెళ్తూ, మందార చెట్టు కింద పెట్టిన బుట్టలోంచి అరిటాకులో చుట్టిన చందువా చేప ఒకటి తీసి మా గుమ్మంలో పెట్టి, నేను వద్దనేలోగా వీధి మలుపు తిరిగింది.

ఇప్పుడు నెలకోసారి తెర కొలుస్తాను, తొమ్మిది గళ్లూ. బొట్టు మానలేదు. ఎందుకు మానాలి? మానిటర్ వెనక, నిలబెట్టే కాడ మీద పెడతాను. తెల్లగా చెయ్యని ఆల్బమ్‌లు వద్దని ఒక ఫొటోగ్రాఫర్ పని ఆపేశాడు. మిగతా ముగ్గురూ గొణుగుతూనే ఇస్తున్నారు. అడిగినవాళ్లకి ఒకటే చెబుతున్నాను. వెలుతురు సరిచేస్తాను, మనిషిని కాదు.

శ్రావణమాసం మూడో వారంలో ఆ పిల్ల అత్తవారి ఊరి నుంచి ఫోన్ చేసింది. వెనకాల బోటు ఇంజన్ చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేకలు.

"అక్కా, ఆళ్లొచ్చినారు. ఆ మొదటోళ్లు. ఆల్బమ్ సూత్తామని."

"చూశారా?"

"సూసినారు. ఫొటో సూసినారు, నన్ను సూసినారు. పేజీ తిప్పినారు, మల్లీ నన్ను సూసినారు. నాను దీపం కిందే కూకున్నాను, కదల్నేదు."

"ఏమన్నారు?"

"ఏటంటారు?" అంది. "టీ తాగీసి ఎల్లిపోనారు."